మూసీ దాటని ప్రయాణం

ఏడో నెలలో ప్రయాణం చేయకూడదని మా అత్తమ్మ అంది. చేయొచ్చని డాక్టరమ్మ అంది. ఇద్దరిలో ఎవరి మాట చెల్లిందో చెప్పనక్కర్లేదు, డాక్టరమ్మ మా ఇంట్లో ఉండదు కదా. విశాఖపట్నం టికెట్లు క్యాన్సిల్ చేశాం.

సముద్రం పోయినందుకు రెండున్నరేళ్ళ మా పాపకేమీ బాధ లేదు, అదేమిటో దానికి తెలియదు. రైలు మాత్రం తెలుసు. నెల రోజులుగా రైలెక్కుదాం, రైలెక్కుదాం అని మేమే నూరిపోశాం. పొద్దున్నే లేచి తన చిన్న సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర నిలబడేది. అది చూడలేక మా ఆయన ఒక ఉపాయం చెప్పాడు. నాంపల్లి స్టేషన్ దగ్గర ఏదైనా లాడ్జిలో గది తీసుకుని మూడు రోజులు ఉందాం అని. మా ఇల్లు లక్డీకాపూల్ వెనక సందులో. అక్కణ్నుంచి నాంపల్లికి నడిచిపోవచ్చు, ఏడో నెల కాకపోతే. ముందు నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, ఎందుకు కూడదు అనిపించింది.

అత్తమ్మకు చెప్పడానికి ఆయన అరగంట రిహార్సల్ వేసుకున్నాడు. ఆవిడ అంతా విని ఒకటే అడిగింది, "మూసీ దాటుతరా?" అని. దాటం అన్నాం. "దాటకుంటే అది ప్రయాణం ఎట్లయితది? పోయి రాండ్రి" అంది. కడుపుతో ఉన్న మనిషి నది దాటకూడదన్న నియమం ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే. అయితే మామూలు రోజుల్లో ఆవిడ మూసీని ముక్కు మూసుకుని మురికి నాలా అనే అంటుంది. నా విషయం వచ్చేసరికి దానికి నది హోదా దక్కడం చూసి నాకు ముచ్చటేసింది.

మేం వెళ్ళింది రైళ్ళ కోసం మాత్రమే కాదు. అసలు సంగతి నా చెవి.

మా పాప నా ఎడమ చెవి తమ్మె పట్టుకోకుండా నిద్రపోదు. రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని నలుపుతూ నలుపుతూ కళ్ళు మూస్తుంది. ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు, మొదట్లో ముద్దుగానే ఉండేది. నేను కమ్మలు పెట్టుకోవడం మానేసి ఏడాది దాటింది. కుడి చెవి ఇస్తే ఒప్పుకోదు. వాళ్ళ నాన్న తన చెవి ఇచ్చి చూశాడు. తడిమి చూసి, "ఇది నాన్నది" అని తిరిగి ఇచ్చేసింది. మా అమ్మ చాటలంత చెవులున్న ఏనుగుబొమ్మ కొనుక్కొస్తే దాన్ని బల్ల మీద కూర్చోబెట్టి మర్యాద చేసిందే గాని పక్కలోకి రానివ్వలేదు. నేను గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో గుమాస్తాని. నేను డ్యూటీకి వెళ్ళిన రోజు మధ్యాహ్నం అసలు పడుకోదు. సాయంత్రం ఆరింటికి నేను చెప్పులు విప్పగానే వచ్చి ఒళ్ళో పడి, చెవి పట్టుకుని, అన్నం కూడా తినకుండా నిద్రపోతుంది.

ఫిబ్రవరిలో నాకు ఆపరేషన్. మొదటి కాన్పూ ఆపరేషనే, అందుకని ఇదీ అంతే అన్నారు. అయిదు రోజులు దవాఖానలో ఉండాలి. పోయినసారి ఎనిమిది రోజులైంది. అన్ని రోజులు ఈ పిల్ల ఎవరి పక్కన, ఎవరి చెవి పట్టుకుని పడుకుంటుంది? అత్తమ్మకు ఇది అసలు సమస్యే కాదు. "ఏడ్చి ఏడ్చి అదే పంటది, నువ్వు ఫికర్ జెయ్యకు" అంది. ఆ ఏడ్చి ఏడ్చి అన్న దగ్గరే నాకు ఒళ్ళు మండింది. నేనెక్కడో కుట్లతో కదల్లేకుండా పడుకుని ఉంటే ఇక్కడ ఇది ఏడ్చి ఏడ్చి పడుకోవడమేమిటి?

అందుకని మా ఆయనా నేనూ ఒక ఒప్పందానికొచ్చాం. ఈ మూడు రోజులూ మధ్యాహ్నం పూట నేను గదిలోంచి వెళ్ళిపోవాలి, ఆయన పాపను పడుకోబెట్టాలి. ఇంట్లో అయితే ఇది కుదరదు. పిల్ల కుయ్యిమంటే చాలు, అత్తమ్మ చాక్లెట్‌తో పరిగెత్తుకొస్తుంది. లాడ్జిలో ఆవిడ ఉండదు, చాక్లెట్ ఉండదు. మూడు రోజుల్లో ఒక్కసారైనా ఇది నా చెవి లేకుండా నిద్రపోతే ఫిబ్రవరి గడుస్తుందని నాకు నమ్మకం.

శనివారం పొద్దున ఆటో ఎక్కాం. కిలోమీటరున్నర దూరానికి ఆరు సంచులు. ఎంత దగ్గరికి వెళ్ళినా రైస్ కుక్కర్, చింతకాయ పచ్చడి, పప్పుల పొడి లేకుండా ఇల్లు కదలడం మా వైపు వాళ్ళకు చేతకాదు. మా తాతగారు యాభై ఆరులో గుంటూరు నుంచి వచ్చినప్పుడు కూడా ఇవే తెచ్చుంటారు. ఆటో ఆయన ఏ బండి అమ్మా అని అడిగాడు. ఏ బండీ లేదు, లాడ్జికి అన్నాం. ఊరెక్కడ అన్నాడు. లక్డీకాపూల్ అన్నాం. ఆ తర్వాత ఏమీ అడగలేదు గాని అద్దంలో మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు.

లాడ్జి మేనేజరు అరవై దాటిన మనిషి, నుదుట విభూతి, మెడలో మఫ్లరు. మా ఆధార్ కార్డులు చూసి వెనక్కి జరిపాడు. "లోకల్ ఆధార్‌కు రూం ఇయ్యం సార్, మాకు పరేషాన్ ఐతది" అని మెల్లిగా చెప్పాడు. ఏం పరేషానో అర్థమయ్యేసరికి నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నేను పొట్టను కౌంటరుకు ఆనించి, భర్త చంకలో పిల్లను చూపించి, మమ్మల్ని చూస్తే ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్ళలా ఉన్నామా అని అడిగాను. మా ఆయన ఊరుకో ఊరుకో అని నా మోచెయ్యి నొక్కుతున్నాడు. మేనేజరు పొట్టను చూశాడు, పిల్లను చూశాడు, చివరికి రైస్ కుక్కర్ను చూసి మెత్తబడ్డాడు. వచ్చిన పని ఏమని రాయాలి అన్నాడు. సెలవులకు అన్నాను. ఆయన ఇంకాసేపు ఆలోచించి, రిజిస్టర్లో 'టూరిస్ట్' అని రాసుకున్నాడు.

గది మూడో అంతస్తులో. కిటికీలోంచి పట్టాలు కనిపించవు గాని ప్లాట్‌ఫారం రేకులు, వాటి మీద పావురాలు కనిపిస్తాయి, మైకులో రైళ్ళ పేర్లు వినిపిస్తాయి. అద్దం చుట్టూ ఎవరెవరో అంటించి వదిలేసిన బొట్టుబిళ్ళలున్నాయి. లెక్కపెడితే పదకొండు. పెళ్ళికి వచ్చినవాళ్ళో, పరీక్షకు వచ్చినవాళ్ళో, ఆస్పత్రికి వచ్చినవాళ్ళో అని నేను ఒక్కో బిళ్ళకూ ఒక్కో కథ కడుతుంటే, మా ఆయన మంచం గోడకు జరిపి పాప పడిపోకుండా సంచులు అడ్డం పెట్టాడు.

మొదటి మధ్యాహ్నం ఘోరంగా నడిచింది. భోజనాలయ్యాక ఆయన పాపను కిటికీ దగ్గర నిలబెట్టి పావురాలను చూపించాడు. నేను చెప్పులు చేతిలో పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా జారుకున్నాను. ఈ విద్యలో నాకు బాగా అనుభవం ఉంది. కింద మూల మీది ఇరానీ హోటల్లో ఫ్యామిలీ సెక్షన్లో కూర్చుని ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తీసుకున్నాను. మొదటి బిస్కెట్ ముంచేసరికి ఫోన్ మోగింది. ఎత్తితే ఆయన గొంతు లేదు, ఫోన్ను ఏడుపు వైపు తిప్పి పట్టుకున్నాడంతే. చాయ్ సగంలో వదిలేసి వచ్చాను. గుమ్మంలోనే పాప నా మీదికి దూకింది. వెక్కిళ్ళు పెడుతూ చెవి దొరకబుచ్చుకుని రెండు నిమిషాల్లో నిద్రపోయింది. ఆయన చొక్కా మీద కక్కిన పెరుగన్నం తుడుచుకుంటూ నావైపు కోపంగా చూశాడు, నేనేదో చేసినట్టు.

దాని పక్కన పడుకుని నేను పరిశీలన మొదలుపెట్టాను. నా గుణమే అంత, కోపం వచ్చినా కుతూహలం ముందొస్తుంది. నేను కదలకుండా ఉంటే వేళ్ళు వదులుగా ఉన్నాయి. కాస్త తల ఎత్తితే నిద్రలోనే బిగుసుకున్నాయి. చున్నీ సర్దుకున్నాను, ఆ గాజుల చప్పుడుకే గోరు దిగేంత బిగించింది. ఇదేం పట్టు? ముద్దుకు పట్టుకున్న పట్టులా లేదు. సంతలో తప్పిపోతామని అమ్మ కొంగు పట్టుకున్నట్టుంది.

సాయంత్రం ప్లాట్‌ఫారం టికెట్లు కొని స్టేషన్లోకి వెళ్ళాం. నాంపల్లిలో పట్టాలు అయిపోతాయి. ఎక్కడికో పోతాయనుకునే పట్టాలు ఒక గోడ దగ్గర ఆగిపోవడం చూసి పాప చాలాసేపు నిలబడిపోయింది. ఇంకా లేవా అంది. లేవు అన్నాను. గోడ వెనక ఏమున్నది అంది. ఆటోలున్నాయి అన్నాను. ఆ జవాబు దానికి సరిపోయింది.

మైకులో ముందు తెలుగు, తర్వాత హిందీ, తర్వాత ఇంగ్లీషు వచ్చాయి. ఫలానా బండి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది అని. పాప మూడు భాషల్లోనూ నోరు తెరుచుకుని వింది. బండి కదిలింది. నెల రోజులుగా రైలు రైలు అని కలవరించిన పిల్ల, ఎక్కకుండానే రైలు వెళ్ళిపోతుంటే ఇక రాగం తీస్తుందని నేను బిస్కెట్లు చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. తీయలేదు. బాయ్ అని చెయ్యి ఊపింది. రెండో బండికీ అంతే. ఇదేదో బాగుందని ఇంకాసేపు కూర్చున్నాం. అప్పుడు చివరి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టిన ఖాళీ బోగీలను ఇంజన్ వచ్చి యార్డుకు లాక్కుపోయింది. అందులో మనుషుల్లేరు కాబట్టి మైకులో ఎవరూ చెప్పలేదు. చప్పుడు లేకుండా అది కదిలిపోవడం పాప వెనక్కి తిరిగి చూసింది, చూసి గుక్కపట్టి ఏడ్చింది.

ఏమైంది, ఏమైంది అని ఇద్దరం కంగారుపడ్డాం. ఏడుపు మధ్యలో అది ఒకటే మాట అంటోంది, "చెప్పలే. చెప్పలే."

మా ఆయన ఎత్తుకుని నీళ్ళ పంపు వైపు తీసుకెళ్ళాడు. నాకు మాత్రం లేవబుద్ధి కాలేదు. బెంచీ మీదే కూర్చుండిపోయాను. దాదాపు రెండేళ్ళుగా నేను దానికి చెప్పి వెళ్ళిందెప్పుడు? పాపకు ఏడో నెల రాగానే బ్యాంకులో చేరాను. రోజూ పొద్దున తొమ్మిదింటికి అది నిద్రలో ఉంటే పక్కలోంచి మెల్లగా జారుకుంటాను. మేలుకుంటే అత్తమ్మ వరండాలో కాకిని చూపిస్తుంది, నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనక తలుపులోంచి పోతాను. చెప్పి వెళ్తే ఏడుస్తుందని. మా ఇంట్లో అందరూ అట్లాగే చేశారు, మా వీధిలో అందరూ చేస్తారు, అది తప్పని ఎవరమూ అనుకోం. పైగా పిల్లకు తెలియకుండా జారుకోగలిగినమ్మను నేర్పరి అంటాం. ఏడుపు వినకపోతే ఏడుపు లేదని లెక్క. నేను పోయాక అది కళ్ళు తెరిచి పక్కంతా తడుముకుని ఉంటుంది కదా, ఎన్ని పొద్దులు తడుముకుందో. చెవి అలవాటు ఎప్పుడు మొదలైందో నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేను డ్యూటీలో చేరిన నెలలోనే. అది ముద్దు కాదు, కాపలా. నిద్రలో కూడా నన్ను పోనివ్వకుండా పట్టుకుంటోంది. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. పక్కన చక్కెర మూటలా కూర్చున్న ఒక పెద్దావిడ, కడుపుతో ఉన్న మనిషి స్టేషన్లో కూర్చుని ఏడిస్తే ఎట్లా అని, ఎవరిని సాగనంపినవు బిడ్డా అని అడిగింది. ఎవరినీ లేదు అని చెప్పాను.

అక్కణ్నుంచే మా అమ్మకు ఫోన్ చేశాను. నన్నూ అట్లాగే వదిలేసి వెళ్ళేదానివా అని అడిగాను. అమ్మ టైపు మిషను మీద పనిచేసే రోజుల్లో నన్ను పక్కింటి మామ్మగారి దగ్గర పెట్టేది. "నిన్నొక్కదాన్నేంటే, అన్నయ్యని కూడా. చెప్పి వెళ్తే ఏడుస్తారు కదా మరి" అంది. ఏడిస్తే ఏమవుతుంది అన్నాను. ఏమో, ఏడిస్తే నేను వెళ్ళలేకపోయేదాన్నేమో అంది అమ్మ.

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో పాత పుస్తకాల మధ్య తిరిగాం. మూసేసిన షాపుల ముందు ఫుట్‌పాత్ అంతా పుస్తకాలే. నా పొట్ట చూసి ఒకాయన తను కూర్చున్న స్టూలు ఇచ్చేశాడు. దాని మీద కూర్చుని నేను పుస్తకాల మొదటి పేజీలు చూస్తూ పోయాను. నాకు కథలకన్నా ఆ పేజీల్లో ఎవరెవరికి ఏమేమి రాసిచ్చారో చూడటం ఇష్టం. పుట్టినరోజుకు ప్రేమతో ఇచ్చిన పుస్తకం ఫుట్‌పాత్ దాకా ఎట్లా వచ్చిందో తెలుసుకోవాలని ఉంటుంది. పాప ఒక సైకిల్ రిపేరు పుస్తకం పట్టుకుని వదల్లేదు. అందులో చైన్లు, పెడళ్ళు బొమ్మలున్నాయి. కొనిచ్చి, ఇడ్లీలు తిని, గదికొచ్చాం.

భోజనమయ్యాక ఈసారి పాపను నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. అది చూస్తుండగానే చెప్పులు వేసుకున్నాను. దాని కళ్ళు వెంటనే చెప్పుల మీదికి పోయాయి.

"అమ్మ కిందికి పోతున్నది. చాయ్ తాగి మళ్ళా వస్తది. నువ్వు నాన్న దగ్గరుండు" అన్నాను.

అది వినగానే నిన్నటికన్నా రెండింతలు ఏడ్చింది. నా చున్నీ పట్టుకుని వేలాడింది. మా ఆయన ముఖంలో, చెప్పకుండా పోయినా బాగుండేది కదా అన్నది స్పష్టంగా కనిపించింది. నేను దాని వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి, మళ్ళీ అదే మాట చెప్పి, బయటికొచ్చి తలుపు వేశాను. లిఫ్టు దాకా నడిచేలోపు రెండుసార్లు వెనక్కి తిరిగాను. అంత కష్టం జారుకోవడంలో ఎప్పుడూ లేదు. ఎందుకుంటుంది, అప్పుడు కష్టమంతా పిల్లదే కదా.

హోటల్లో కూర్చుని ఫోన్ను బల్ల మీద పెట్టుకుని చూస్తూనే ఉన్నాను. మోగలేదు. చాయ్ పూర్తిగా తాగాను, వేడిగా ఉండగానే. ఇరవై నిమిషాలకు పైకి వెళ్తే పాప పడుకోలేదు గాని ఏడుపు ఆపేసింది. ముక్కు చీదుకుంటూ సైకిల్ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. నన్ను చూసి పరిగెత్తుకు రాలేదు. "చాయ్ తాగినవా?" అని అడిగింది. తాగాను అన్నాను. దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించి వాసన చూసింది. చూసి, ఔ అని వాళ్ళ నాన్నతో చెప్పింది.

ఆ మధ్యాహ్నం చెవి పట్టుకునే నిద్రపోయింది. అయితే వేళ్ళు వదులుగా ఉన్నాయి. నేను అటు తిరిగి పడుకున్నా లేవలేదు. సాయంత్రం ఇంకో రెండుసార్లు చెప్పి వెళ్ళాను. అరటిపండ్లకని చెప్పి వెళ్ళి అరటిపండ్లు తెచ్చాను. కింద మేనేజరును వేడినీళ్ళు అడిగొస్తానని చెప్పి వెళ్ళి ఫ్లాస్కు తెచ్చాను. తెచ్చినదాన్ని అది ప్రతిసారీ ముట్టుకుని చూసింది, బ్యాంకులో మేం సంతకాలు సరిచూసుకున్నట్టు. రెండోసారి ఏడుపు అరనిమిషం కూడా లేదు. మా ఆయన, గిట్ల అని ముందే తెలిస్తే ఒక చొక్కా మిగిలేది గదా అన్నాడు.

సోమవారం సాయంత్రానికి గది ఖాళీ చేయాలి. మధ్యాహ్నం పాప మంచం మధ్యలో పడుకుంది, అవతల వాళ్ళ నాన్న. నేను ఇవతలి అంచు మీద కూర్చున్నాను. ఇంత దూరం వచ్చాక అసలు మాట దాచడం అన్యాయమనిపించింది. చిన్నపిల్లలకు కాన్పు సంగతులు చెప్పరు, ఆ రోజు ఏ బంధువుల ఇంటికో పంపేస్తారు. నేను చెప్పాను. కడుపులో పాప బయటికి రావాలంటే అమ్మ దవాఖానకు పోవాలి అన్నాను. అయిదు రోజులు అక్కడే పడుకుంటాను, నువ్వు నాన్న దగ్గర, నానమ్మ దగ్గర పడుకుంటావు అన్నాను. అయిదు వేళ్ళు చూపించాను. అది నా వేళ్ళను ఒక్కొక్కటే మడిచింది. అన్నీ మడిచాక పిడికిలిని రెండు చేతుల్తో పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"మల్లొస్తవా?"

రెండు రోజులుగా దానికి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు నేను. చాయ్ అంటే చాయ్, అరటిపండ్లంటే అరటిపండ్లు. ఇది చాయ్ లాంటి మాట కాదు. మొదటి కాన్పులో నాకు రక్తం ఆగలేదు. నాలుగు సీసాలు ఎక్కించారు. కాళ్ళ నుంచి చల్లదనం పైకి ఎక్కుతుంటే, పిల్లను ఒకసారి చూపిస్తే బాగుండునని అనుకోవడం నాకు బాగా గుర్తుంది. ఈ రెండున్నరేళ్ళలో ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తబోతే అత్తమ్మ, తథాస్తు దేవతలు తిరుగుతుంటరు, గట్లాంటి మాటలు నోట్లెకెల్లి రావొద్దు అనేది. నేనూ ఊరుకున్నాను. రెండోసారి కడుపు నిలిచిన రోజు నుంచీ లోపల భయం ఉంది. డాక్టరమ్మ అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాం అంది. నవ్వి సరే అన్నాను. ఆ భయం మామూలు రోజుల్లో నిద్రపోయేది, ఇట్లా ఎవరైనా సూటిగా అడిగితే లేచేది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు, పాపే మొదలు.

"వస్త" అన్నాను. వస్తానని తెలిసి అనలేదు, రావాలని అన్నాను. ఈసారి నా నోరు తెరిచి వాసన చూడటానికి ఏమీ లేదు. పాప ఇంకాసేపు నా కళ్ళలోకే చూసి, "అరటిపండు తెస్తవా?" అంది. తెస్తానన్నాను. ఇప్పుడు నేను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటాను, ఇక్కడే ఉంటాను, ఎక్కడికీ పోను అని చెప్పాను. అది సరేనని వాళ్ళ నాన్న వైపు తిరిగింది. ఒక చెయ్యి ఆయన పొట్ట మీద వేసి, రెండుసార్లు కళ్ళు తెరిచి నేను కుర్చీలో ఉన్నానో లేదో చూసుకుని, మూడోసారి తెరవలేదు.

మేమిద్దరం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. అయిదు నిమిషాలు గడిచాక మా ఆయన నావైపు చూసి నవ్వాడు, గెలిచినం అన్నట్టు. నేను నవ్వలేకపోయాను. దేనికోసం వచ్చామో అది అయింది, అయినా నా భయం పోలేదు. పిల్లకు చెప్పి వెళ్ళాలని నేర్చుకున్నదాన్ని, ఈ మనిషికి మాత్రం ఏడు నెలలుగా ఏమీ చెప్పకుండా నవ్వుతూ తిరుగుతున్నాను. ఇదీ జారుకోవడమే కదా, ఎదురుగా కూర్చునే.

"నాకు భయంగా ఉంది" అన్నాను. "ఆపరేషన్ అంటే. మళ్ళీ రక్తం ఆగదేమోనని."

తథాస్తు దేవతలు విన్నారో లేదో తెలియదు. ఆయన నన్ను ఊరుకోమనలేదు, గట్లనొద్దు అనలేదు. పొట్ట మీది చిన్న చేతిని కదపకుండా నావైపు తల తిప్పాడు.

"నాగ్గూడ" అన్నాడు. "అప్పుడు బయట ఒక కాయితం మీద సంతకం తీసుకున్రు. దాంట్ల ఏమున్నదో నేను చదవనేలే. చదివితే నిజమైతదేమోనని."

ఆ తర్వాత రెండున్నరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఆ కాయితం సంగతి నాకు తెలియదు. ఎట్లాంటి కాయితం, ఎవరు తెచ్చారు, అప్పుడు అత్తమ్మ ఎక్కడుంది, నువ్వు ఎక్కడ నిలబడ్డావు అని నేను ఒకటొకటే అడిగాను, ఆయన ఒకటొకటే చెప్పాడు. తర్వాత నేను చెప్పాను, ఆ చల్లదనం ఎట్లా ఉందో, ఏమనుకున్నానో. ఈసారి ఏ కాయితం ఇచ్చినా ఇద్దరం చదివాకే సంతకం పెట్టాలనుకున్నాం. రక్తం ముందే సిద్ధంగా ఉంచుతారా అని డాక్టరమ్మను అడగాలనుకున్నాం. ఆయన మధ్యలో ఒకసారి ఏడ్చాడు, చప్పుడు కాకుండా. నాలుగింటికి గది ఖాళీ చేయమని కింది నుంచి ఫోన్ వచ్చేదాకా అట్లా మాట్లాడుకుంటూనే ఉన్నాం, పాప ఒక్కసారి కూడా లేవలేదు.